తీరిక వేళ అల్లిన స్వెట్టరు

2025 అక్టోబరు మొదటి వారంలో న్యూజెర్సీ నుంచి మా అమ్మాయి ఒక ఫొటో పంపింది. బట్టల దుకాణంలో బొమ్మకి తొడిగిన స్వెట్టరు. నల్లటి గళ్ల మధ్య చదరాలు చదరాలుగా ఊలు పువ్వులు. ఒక్కో పువ్వుకీ నడిమధ్య ఆవపిండి రంగు, దాని చుట్టూ ఇటుక రంగు, ఆపైన మీగడ రంగు. కింద రెండు ముక్కలు రాసింది: "అమ్మా, చలికాలం వస్తోందంటే ఇక్కడ అందరూ ఇవే కొంటున్నారు. అమ్మమ్మ నీకు అల్లిందని చెప్పావే, ఇలాంటిదేనా?"

ఇలాంటిదేమిటి, ఇదే. రంగులు కూడా అవే. ఫొటోని పెద్దది చేసి చాలాసేపు చూశాను. అది ఇప్పుడు ఎక్కడుందని మా అమ్మాయి అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర మంచి జవాబు లేదు.

మాది కోనసీమలో అల్లవరం. సముద్రం పక్కూరు ఓడలరేవులో తగులుతుంది. మాకు చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కాలవ మీద లేచే మంచు, భోగి మంట దగ్గర చేతులు కాచుకోవడం. అంతకు మించి తెలియదు. ఊళ్లో ఊలు బట్ట కనిపించేదల్లా పసిబిడ్డల టోపీల్లోనూ, ఉబ్బసం ఉన్న తాతల మఫ్లర్లలోనూ. అక్టోబరు, నవంబరు నెలలంటే మాకు స్వెట్టర్లు గుర్తుకు రావు, తుపానులు గుర్తుకొస్తాయి. అలాంటి ఊళ్లో మా అమ్మ 1983లో ఒక స్వెట్టరు అల్లింది. నాకు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. కాశీలో చలి ఎముకలు కొరుకుతుందని ఎవరో చెబితే విని అమ్మ భయపడింది.

అమ్మకి రెండు సూదుల అల్లిక రాదు. వచ్చిందల్లా లేసు పని. కొనకి చిన్న కొక్కెం ఉన్న ఒంటి సూదితో నూలు దారం అల్లడం. మా గోదావరి లంకల్లో ఆ పని తెలియని ఇల్లు ఆ రోజుల్లో తక్కువ. 1844లో మెక్రే అనే స్కాట్లాండ్ మిషనరీ దంపతులు ఇక్కడి ఆడవాళ్లకి నేర్పారని చెబుతారు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టని కాలం. కరువులు చూసిన నేల. సరిగ్గా ఆ దశాబ్దంలోనే ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి కరువు వస్తే, అక్కడి ఆడవాళ్లు కూడా ఇదే కొక్కెం సూదితో లేసు అల్లి పిల్లల కడుపు నింపారు. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు దేశాల ఆడవాళ్లు ఒకే పనిముట్టు పట్టుకుని గట్టెక్కారన్న సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది.

నరసాపురం, పాలకొల్లు ఆ వ్యాపారానికి కేంద్రాలు. అక్కడి ఏజెంటు మనిషి సఖినేటిపల్లి దగ్గర వశిష్ఠ పాయని పంటు మీద దాటి, బోడసకుర్రు రేవులో వైనతేయ పాయని పడవ మీద దాటి మా ఊరు వచ్చేవాడు. దారం తూచి ఇచ్చేవాడు, అల్లిన లేసు తూచి తీసుకునేవాడు. తూకంలో దారం తగ్గితే డబ్బులు తగ్గేవి. అమ్మ పువ్వులు అల్లేది. వాటిని ఒకదానితో ఒకటి కలిపే అతుకు పని మాత్రం వేరేవాళ్లు చేసేవారు. అందుకని బల్లగుడ్డ మొత్తం ఎలా ఉంటుందో అమ్మ చాలా ఏళ్లు చూడనేలేదు. జర్మనీ వెళ్తాయట, ఇంగ్లండు వెళ్తాయట అనేది. వెళ్లి ఎవరి బల్ల మీద పరుచుకున్నాయో మాకు తెలియదు.

నా స్వెట్టరు కోసం లేసు డబ్బులు కూడబెట్టి కాష్మిలాన్ ఊలు కొనిపించింది. మూడు రంగులూ, నలుపూ. ఎవరి దగ్గరో వారపత్రికలో చూసిన బొమ్మని కళ్లలో పెట్టుకుని వచ్చి, రోజూ రాత్రి అన్నాలయ్యాక లాంతరు దగ్గరికి జరుపుకుని మొదలుపెట్టేది. అయిదారు కుట్లు గొలుసులా అల్లి వలయంగా కలిపేది. ఆ వలయంలోంచి మూడేసి కాడలు లేపి, నాలుగు మూలల దగ్గర కాస్త దారం వదిలి తిప్పేది. గుండ్రంగా మొదలైన పువ్వు మూడో వరసకి చదరమైపోయేది. పడుకుని అదే చూస్తూ నిద్రపోయేదాన్ని. "ఎందుకమ్మా అంత కష్టం" అంటే, "కష్టమేముందే, తీరిక వేళ కూర్చుని చేసేదే కదా" అనేది.

తీరిక అనే ఆ మాట గుర్తుపెట్టుకోండి. నేను చాలా ఆలస్యంగా గుర్తుపెట్టుకున్నాను.

కాశీలో డిసెంబరు చలి నిజంగానే ఎముకలు కొరికింది. అమ్మ అల్లిన స్వెట్టరు లేసు చెయ్యి అల్లిన స్వెట్టరు. అందంగా ఉంటుంది, సందులు సందులుగా ఉంటుంది. గంగ మీంచి వచ్చే గాలి ఆ సందుల్లోంచి నేరుగా ఒంటికి తగిలేది. లోపల ఇంకో చొక్కా తొడుక్కుంటే సరిపోయేదే, అది నా అసలు బాధ కాదు. హాస్టల్లో అందరివీ లుధియానా మిషన్ల మీద తయారైన నున్నటి స్వెట్టర్లు. ఒంటి రంగు, మెడ దగ్గర వి ఆకారం. నాది మాత్రం ముక్కలు అతికిన బొంతలా ఉందని ఒకమ్మాయి అంది. అంతే. మర్నాడు దాన్ని ట్రంకు పెట్టె అడుగున పెట్టాను. టిబెట్టు శరణార్థులు చలికాలం వచ్చేసరికి లుధియానాలో టోకున సరుకు కొనుక్కొచ్చి ఊరూరా రోడ్డు పక్కన దుకాణాలు వేస్తారు, మన రాజమండ్రి, కాకినాడ దాకా వస్తారు. అలాంటి ఒక దుకాణంలో మెస్సు డబ్బులు మిగిల్చి బూడిద రంగు స్వెట్టరు కొనుక్కున్నాను. అమ్మ ఉత్తరంలో అడిగింది, వెచ్చగా ఉందా అని. చాలా వెచ్చగా ఉందమ్మా అని రాశాను. రెండో ఏడాది ఖాళీ చేసి వచ్చేటప్పుడు ఆ పూల స్వెట్టరుని హాస్టల్లో పనిచేసే ఆవిడకి ఇచ్చేశాను. ఆవిడ సంతోషంగా తీసుకుంది. మంచి పని చేశాననుకున్నాను కూడా.

అమ్మ దాచుకున్న లేసు నమూనాల మూట 1996 నవంబరు 6 తుపానులో ఇంటి పైకప్పుతో పాటు పోయింది. అమ్మ 2009లో పోయింది. ఆవిడ చేతి అల్లిక ఒక్క ముక్క మా ఇంట్లో లేదు.

ఫ్యాషన్ తిరిగి వస్తుందని అందరూ అంటారు. నిజమే. ఈ కొన్నేళ్లుగా పాత స్వెట్టర్లన్నీ ఒక్కొక్కటే పెట్టెల్లోంచి లేచి వస్తున్నాయి. జడలు జడలుగా అల్లే ఐర్లండ్ అరన్ దీవుల స్వెట్టరు, రంగురంగుల గీతల ఫెయిర్ ఐల్ స్వెట్టరు, మన లెక్కల మాస్టార్లు తొడుక్కునే చేతుల్లేని స్వెట్టరు, ముందు బొత్తాలున్న కార్డిగన్. ఈ కార్డిగన్‌కి 1854లో క్రిమియా యుద్ధంలో అశ్వదళాన్ని నడిపిన ఇంగ్లిషు ప్రభువు పేరే పేరు. 2020లో హ్యారీ స్టైల్స్ అనే ఇంగ్లిషు గాయకుడు రంగురంగుల చదరాలు అతికిన కార్డిగన్ ఒకటి తొడుక్కున్నాడు. ధర వెయ్యి పౌండ్ల పైమాటే. లాక్‌డౌన్‌లో ఇళ్లలో ఉన్న కుర్రకారు దాన్ని చూసి తామే అల్లుకోవడం మొదలుపెట్టారు. వాళ్ల ఉత్సాహం చూసి దాన్ని తయారు చేసిన డిజైనరు నమూనాని ఉచితంగా ఇచ్చేశాడు. ఆ కార్డిగన్ ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. బొంత అని నన్ను ఏడిపించిన నమూనా లాంటిదే మ్యూజియంకి ఎక్కింది.

మా అమ్మాయి ఫొటో చూశాక నేను ఒక నిర్ణయానికి వచ్చాను. పోయినది ఎలాగూ రాదు, అలాంటిదే ఒకటి చేయించి పంపాలి. మా వీధి చివర ఒక వదిన ఉంది. చుట్టరికం దూరంది, పిలుపు దగ్గరిది. అమ్మ దగ్గర కూర్చుని లేసు నేర్చుకున్న మనిషి. పువ్వు పనీ వచ్చు, అతుకు పనీ వచ్చు. రాజమండ్రి నుంచి ఊలు తెప్పించి, ఫొటో చూపించి అడిగాను. "కళ్లు మునుపట్లా లేవమ్మాయ్, అయినా పర్లేదు, పగటి పూట చేస్తాలే" అంది. "ఊలు నాదే కదా వదినా, మీ చేతికి పదిహేను వందలిస్తాను" అన్నాను. మంచి ధర చెప్పాననే నా మనసులో ఉంది. "నీ దగ్గర డబ్బులేంటి, తీరిక వేళ అల్లేదానికి" అంది.

మా అమ్మ మాట. నలభై రెండేళ్ల తరవాత అదే మాట.

అల్లడానికి మూడు వారాలు పట్టింది. ఆ రోజుల్లో రోజూ సాయంత్రం వెళ్లి వదిన పక్కన కూర్చున్నాను. ఎడమ చూపుడు వేలికి దారం రెండు చుట్లు, కుడి చేతిలో సూది. కబుర్లు చెబుతూనే ఉంటుంది, వేళ్లు మాత్రం లెక్క తప్పవు. పువ్వు పూర్తయ్యాక దారం కత్తిరించి, కొసని వెనక వైపు నాలుగు కుట్ల కిందనుంచి దూర్చి లాగుతుంది, మళ్లీ వెనక్కి ఒకసారి దూరుస్తుంది. అలా చేయకపోతే రెండు ఉతుకులకి పువ్వు ఊడిపోతుందిట. మూడు రంగులు, నల్లటి గడి కలిపి ఒక్కో పువ్వుకి నాలుగు దారాలు, ఎనిమిది కొసలు. ఎనిమిదీ ఇలాగే దాచాలి. బయటికి ఒక్కటీ కనిపించదు. అల్లడానికి పట్టే సమయంలో మూడో వంతు ఈ కనిపించని పనికే పోతుందని నాకు ఆ రోజే తెలిసింది.

లెక్కల టీచరుగా ముప్పై ఏళ్లు పనిచేసిన దాన్ని, చేతులు ఊరుకోవు. గడియారం చూశాను. ఒక పువ్వుకి ఇరవై అయిదు నిమిషాలు. వీపుకి అయిదు అడ్డం, ఆరు నిలువు, ముప్పై పువ్వులు. ముందు రెండు పలకలకి పన్నెండేసి. చేతులకి పదహారేసి. మొత్తం ఎనభై ఆరు. అంటే పువ్వులకే ముప్పై ఆరు గంటలు. అతుకులకి పన్నెండు గంటలు పట్టింది. మెడ, అంచులు, మణికట్టు, బొత్తాలకి ఎనిమిది. వెరసి యాభై ఆరు గంటలు, రోజుకి ఎనిమిది చొప్పున ఏడు రోజులు. ఉపాధి హామీ పథకంలో మన రాష్ట్రానికి 2025-26కి పెట్టిన రోజు కూలి 307 రూపాయలు. ఏడు రోజులకి 2,149. మట్టి తవ్వే పనికి ప్రభుత్వం ఇచ్చే కనీసపు కూలి కన్నా తక్కువకి, అరవై ఏళ్ల నేర్పున్న చేతికి నేను ధర చెప్పాను. పైగా ఉదారంగా ఇస్తున్నాననుకున్నాను.

అప్పుడు అమ్మ రోజు గుర్తొచ్చింది. తెల్లవారకముందే రెండు గేదెల దగ్గర పని. ఆరుగురికి వంట. మధ్యాహ్నం ధాన్యం ఎండబోయడం, వాన మబ్బు పడితే పరిగెత్తి ఎత్తడం. మళ్లీ పాలు, మళ్లీ పొయ్యి. ఆ మనిషికి తీరిక ఎక్కడిది? నిద్రలోంచి కోసుకున్న రెండు గంటలకి తీరిక అని పేరు పెట్టుకుంది. పేరు పెట్టింది ఆవిడ ఒక్కతే కాదు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం లేసు ఆడవాళ్ల మధ్య తిరిగి వాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో ఆవిడ చెప్పిందీ ఇదే. వీళ్లని కార్మికులు అనరు, గృహిణులు అంటారు. పని అనరు, తీరిక వేళ వ్యాపకం అంటారు. అలా అనడం వల్లే అంత తక్కువ ఇచ్చి అంత పెద్ద ఎగుమతి వ్యాపారం నడుస్తోంది. ఆ పుస్తకం నేను ఉద్యోగంలో ఉండగానే చదివాను, మంచి పుస్తకమని నలుగురికి చెప్పాను. మా అమ్మ గురించి చదువుతున్నానని మాత్రం అప్పుడు తట్టలేదు.

ఇంకో సంగతి ఆ మూడు వారాల్లోనే తెలుసుకున్నాను. నేను నలుగురికీ చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇది. రెండు సూదుల అల్లికకి మిషను ఉంది. 1589లోనే ఇంగ్లండులో విలియం లీ మేజోళ్లు అల్లే మగ్గం కనిపెట్టాడు. లుధియానా స్వెట్టర్లన్నిటికీ అదే మూలపురుషుడు. కానీ కొక్కెం సూది అల్లికకి మిషను లేదు. పోలికగా అల్లే యంత్రాలున్నాయి గానీ, అచ్చంగా ఆ కుట్టు వేసి బజారుకి సరుకు ఇచ్చే యంత్రం ఈ రోజుకీ రాలేదు. ప్రతి కుట్టులోనూ ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చుని లాగి, సూదిని మెలితిప్పి, పక్క వరసలో సందు వెతుక్కుని దూర్చాలి. అది వేళ్లకే తెలుసు. కాబట్టి న్యూయార్కులోనైనా హైదరాబాదులోనైనా దుకాణంలో అసలైన పువ్వుల స్వెట్టరు వేలాడుతుంటే, ధర ఎంతున్నా, ఏ దేశం చీటీ కుట్టి ఉన్నా, దాన్ని ఎక్కడో ఒక మనిషి కూర్చుని చేత్తో అల్లింది. ఇందులో అనుమానం లేదు.

మా అమ్మాయి ఫొటోలోని స్వెట్టరు ధర అరవై డాలర్లు. అలవాటు పడిన చెయ్యి మా వదిన కంటే రెండింతలు వేగంగా అల్లుతుందనుకుందాం, ఇరవై ఎనిమిది గంటలు. ఆ అరవై డాలర్లూ అల్లిన మనిషికే ఇచ్చేసినా గంటకి రెండు డాలర్ల పైన కాస్త పడుతుంది, అంతే. అందులోంచి ఊలు, ఓడ కిరాయి, దుకాణం అద్దె, లాభం తీసేస్తే ఆ మనిషికి మిగిలేది ఎంతో మీరే లెక్క వేయండి. అక్కడ కూడా ఎవరో ఏ వీధి అరుగు మీదో కూర్చుని, తీరిక వేళ చేసేదే కదా అనే ఉంటారు.

2024లో నరసాపురం క్రోషా లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పశ్చిమ గోదావరితో పాటు మన కోనసీమ మండలాలూ అందులో ఉన్నాయి. రాజోలు, అమలాపురం కూడా లేసు వ్యాపారానికి కేంద్రాలే. నాకు నిజంగా సంతోషం కలిగింది. ఆ పేరుతో వేరేచోట అల్లిన సరుకు అమ్మకుండా అది కాపాడుతుంది. అయితే ఆ గుర్తింపు పేరుకే, కూలికి కాదు. వదిన కోడలు రొయ్యల షెడ్డుకి వెళ్తుంది. తలలు తీసే పని, చేతులు చీము పడతాయి, మంచు నీళ్లలో గంటల తరబడి నిలబడాలి. అయినా వారం తిరిగేసరికి డబ్బు చేతికొస్తుంది. చిన్న కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. ఇద్దరికీ సూది పట్టడం రాదు. ఎందుకు నేర్పలేదని అడిగాను. "నేర్పి ఏం చెయ్యమంటావు? నా కళ్లు నాకు చాలవూ" అంది వదిన. కోపంగా అనలేదు. పువ్వు తిప్పుకుని చూసుకుంటూ మామూలుగా అంది.

కుర్రవాళ్లు ఈ పని వదిలేస్తున్నారు, కళ నశించిపోతోంది అని మా తరం సభల్లో చాలా బాధపడుతుంది. నేను కూడా మాట్లాడాను అలాంటి సభల్లో. ఇప్పుడు నాకు ఆ మాట అనడానికి నోరు రావడం లేదు. కళ నశించడం లేదు, దాన్ని బతికించిన వాళ్లు లెక్క తెలుసుకుని లేచి వెళ్లిపోతున్నారు. వాళ్ల లెక్క సరైనదే. తప్పు లెక్క వేసింది ఏజెంట్లూ, ఎగుమతిదారులూ, వాళ్లతో పాటు పదిహేను వందలు చెప్పిన నేనూ, వెచ్చగా ఉందమ్మా అని అబద్ధం రాసిన నేనూ.

స్వెట్టరు నవంబరు మూడో వారంలో పూర్తయింది. కాగితం మీద లెక్క రాసి వదిన ముందు పెట్టాను. పువ్వులు ఇన్ని, గంటలు ఇన్ని, నేర్పుకి రోజు కూలికి రెండింతలు. ఆపైన కళ్లద్దాలు మార్చుకోవడానికి కొంత. మొత్తం ఆరు వేలు. కాగితాన్ని చాలాసేపు చూసింది. "అతుకులకి పన్నెండు గంటలా? అంతసేపు పట్టిందా నాకు?" అని అడిగింది. అరవై ఏళ్లలో తన పనిని ఎవరూ గంటల్లో రాసి చూపించలేదు. డబ్బు తీసుకుంది. కాగితం కూడా మడిచి బియ్యం డబ్బా మీద పెట్టుకుంది.

మా అమ్మాయి అది తొడుక్కుని ఫొటో పంపింది. లోపల పూర్తి చేతుల చొక్కా వేసుకుంది, చలి సందుల్లోంచి రాకుండా. నాకు కాశీలో ఆ పాటి ఆలోచన రాలేదు. ఆఫీసులో ఇద్దరు తమకీ కావాలని అడిగారట. ఒక్కొక్కటి ఎంతకి ఇప్పించమంటావని మా అమ్మాయి అడిగింది. కూలి లెక్క పంపాను. తగ్గించడం కుదరదని, మూడు నెలలు పడుతుందని రాశాను. ఒకామె మానేసింది, ఒకామె సరేనంది.

ఈ చలికాలం మీలో ఎవరైనా అలాంటి స్వెట్టరు కొంటుంటే ఒకసారి తిరగేసి చూడండి. వెనక వైపు దారపు కొసలు కుట్ల కింద దాచి ఉంటే దాని వెనక ఒక మనిషి రాత్రులున్నాయి. ధర మరీ చవగ్గా ఉంటే, ఎవరికి తక్కువ పడిందో అమ్మేవాళ్లని అడగండి. మీ ఇంట్లో అమ్మమ్మ అల్లింది ఉంటే మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

వదినకి మొన్న సంక్రాంతికి డెబ్బై ఒకటి నిండాయి. రెండో స్వెట్టరుకి నలభై పువ్వులు అయ్యాయి. అతుకు పని తెలిసినవాళ్లు మా వీధిలో ఆవిడ తరవాత ఎవరూ లేరు.